అనుమతి అక్కరలేని రేడియో తరంగాలు: వంతు ఎవరిది?

ఒకప్పుడు మన దేశంలో ఇంటిలో రేడియో పెట్టె ఉంచుకోవాలంటే తపాలా కార్యాలయానికి వెళ్ళి, రుసుము చెల్లించి, లైసెన్సు తెచ్చుకోవలసి ఉండేది. ఆ పెట్టె వినటానికి మాత్రమే పనికివచ్చేది. ఎవరికీ ఏమీ చెప్పగలిగేది కాదు. అయినా 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం దానికి అనుమతి తప్పనిసరి. ఇక తరంగాలను ప్రసారం చేసే యంత్రం సంగతి చెప్పనక్కరలేదు.

నేడు హైదరాబాదులోని మాదాపూరులో, సైబర్ టవర్స్ కూడలి వద్ద నిలుచున్న ఒక ఉద్యోగిని చూడండి. చేతిలో ఫోను, చెవులకు తీగలేని ఇయర్‌ఫోన్లు, మణికట్టుకు గడియారం, సంచిలో ల్యాప్‌టాప్. ఇవన్నీ వినటంతో ఊరుకోవు, వైఫై, బ్లూటూత్ పద్ధతులలో ప్రసారం కూడా చేస్తవి. ఆ ప్రసారాలకు అతడు ఏ కార్యాలయానికీ వెళ్ళి అనుమతి పొందలేదు. సైబర్ టవర్స్ భవనానికి 1998 నవంబరులో ప్రారంభోత్సవం జరిగింది. వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం అంతకు ముందు సంవత్సరమే, 1997లో వెలువడింది. ఈ రెండూ ఒకే ఈడు పిల్లల వలె పెరిగినవి. భవనం చుట్టూ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు నిండినట్లే, గాలిలో తరంగాలూ నిండినవి.

ఇక్కడ ఒక విచిత్రం అందరికీ అనుభవమే. ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూ ఉంటుంది. అయినా మాట తెగిపోతుంది, బొమ్మ కదలక నిలిచిపోతుంది. తరంగం బలంగానే ఉన్నది, యంత్రం బాగానే ఉన్నది. మరి లోపం ఎక్కడ? ఆ యంత్రానికి లేనిది బలం కాదు, వంతు. ఎవరి అనుమతీ అక్కరలేని చోట ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పేవారు కూడా ఉండరు. అట్టి చోట వేలాది యంత్రాలు తమలో తాము క్రమాన్ని ఎట్లా ఏర్పరచుకొంటున్నవి, ఆ క్రమం ఎక్కడ తప్పుతున్నది, దానిని ఎట్లా బాగుచేస్తున్నారు అన్నదే ఈ వ్యాస విషయం.

అందరికీ తెరచిన బాట

రేడియో తరంగాలను వాటి పౌనఃపున్యాన్ని బట్టి పట్టీలుగా విభజిస్తారు. ఆకాశవాణికి ఒక పట్టీ, విమానాలకు ఒకటి, పోలీసు వారికి ఒకటి, ఫోను కంపెనీలకు కొన్ని. ఫోను కంపెనీలు తమ పట్టీలను వేలంలో పెద్ద మొత్తాలు చెల్లించి కొనుక్కొంటవి. అక్కడ ఇతరులకు ప్రవేశం లేదు.

వీటి మధ్య కొన్ని పట్టీలు వేరుగా ఉన్నవి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశంలో కొన్ని పౌనఃపున్యాలను పరిశ్రమలకు, వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు కేటాయించారు. అనగా తరంగాలతో వార్తలు పంపటానికి కాక, వేడిచేయటం వంటి పనులకు. నేటి మైక్రోవేవ్ పొయ్యి ఇట్టిదే. అది 2450 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. రొద ఎక్కువగా ఉండే ఈ పట్టీలను వార్తలకు పనికిరానివిగా చాలాకాలం భావించారు. 1985లో అమెరికా ప్రభుత్వ వార్తాప్రసార సంఘం, తక్కువ శక్తితో, విస్తృత పట్టీపై పరచిన ప్రసారాలను ఈ చోట లైసెన్సు లేకుండానే అనుమతించింది. వైఫైకి దారి తీసింది ఆ నిర్ణయమే.

మన దేశంలో 2005 జనవరిలో 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీని లైసెన్సు నుండి విముక్తం చేశారు. ప్రసార శక్తి 1 వాటుకు, ఏరియల్ బలంతో కలిపి 4 వాట్లకు మించరాదు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్ వెడల్పును ఇదే విధంగా ఇంటా బయటా వాడుకొనటానికి తెరచారు. అయితే ఈ స్వేచ్ఛకు రెండు షరతులు ఉన్నవి. ఇతరులకు హానికరమైన ఆటంకం కలిగించరాదు. ఇతరుల వల్ల ఆటంకం కలిగితే రక్షణ కోరరాదు.

2005లో తెరచిన మొదటి బాట వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. దానిలో 13 చానెళ్ళు ఉన్నవి. కాని ఒక్కొక్క వైఫై ప్రసారానికి సుమారు 20 మెగాహెర్ట్జ్ కావాలి. చానెళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకొనదగినవి మూడే: 1, 6, 11. ఒక పెద్ద కార్యాలయ భవనంలో అంతస్తుకు పది రౌటర్లు ఉన్నా, అవి పంచుకొనవలసినది ఆ మూడింటినే. 2014లో మాదాపూరు రోడ్లపైన, 2015లో హుస్సేన్ సాగర్ పరిసరాలలో ప్రజలకు వైఫై సదుపాయం కల్పించినప్పుడు కూడా ఆ రౌటర్లు అదే తెరచిన పట్టీలలోకి వచ్చి చేరినవి.

హవాయి దీవులలో మొదటి ప్రయత్నం

పలువురు ఒకే మాధ్యమాన్ని ముందు ఏర్పాటు లేకుండా వాడుకొనటాన్ని యాదృచ్ఛిక ప్రవేశం అంటారు. ఈ సమస్యను మొదట ఎదుర్కొన్నది పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి విశ్వవిద్యాలయం. వేర్వేరు దీవులలో ఉన్న విద్యాలయాలను ఒక కంప్యూటరుతో కలపటానికి ఆచార్య నార్మన్ అబ్రమ్‌సన్, ఆయన సహచరులు రేడియో తరంగాలను ఎన్నుకొన్నారు. 1971లో పనిచేయనారంభించిన ఆ ఏర్పాటు పేరు అలోహా.

అలోహా నియమం ఎంతో సరళమైనది. చెప్పవలసినది ఉన్నప్పుడు చెప్పు. అందినదని జవాబు రాకపోతే, ఇద్దరి మాటలు ఒకదానిపై ఒకటి పడి చెడిపోయి ఉంటవి. కొంతసేపు ఆగి మళ్ళీ చెప్పు. ఆ ఆగేది ఎంతసేపో ప్రతి యంత్రమూ చీట్లు తీసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించుకొనాలి. ఇద్దరూ ఒకే కాలం ఆగితే మళ్ళీ ఢీకొంటారు గదా! ఇట్లా రెండు సందేశాలు ఢీకొనటాన్ని సంఘాతం అంటారు.

ఒక సందేశం చెడకుండా చేరాలంటే అది సాగినంతసేపు ఇతరులు మాట్లాడరాదు. అంతేకాక, అది మొదలుకాక ముందు దాదాపు అంతే కాలంలోనూ ఎవరూ మాట మొదలుపెట్టి ఉండరాదు. లేకపోతే వారి తోక దీని తలపై పడుతుంది. అనగా ఒక్కొక్క సందేశానికి తన నిడివికి రెట్టింపు కాలం ప్రమాదమే. గణితం ప్రకారం ఈ పద్ధతిలో ఎంత శ్రమించినా మొత్తం కాలంలో 18 శాతానికి మించి ఉపయోగపడదు. 1972లో లారెన్స్ రాబర్ట్స్ ఒక చిన్న సవరణ సూచించాడు. కాలాన్ని సమానమైన గళ్ళుగా విభజించి, గడి మొదట్లోనే మాట ప్రారంభించాలన్నాడు. దానితో ప్రమాదకాలం సగమైంది, ప్రయోజనం రెట్టింపై సుమారు 37 శాతానికి చేరింది. అయినా మిగిలిన 63 శాతం కాలం కొంత ఖాళీగానూ, కొంత సంఘాతాలలోనూ పోతుంది.

విని మాట్లాడటం

పదిమంది కూర్చున్న చోట మర్యాద తెలిసినవాడు ఇతరుల మాట ముగిసేవరకు ఆగి, ఆపైన నోరు విప్పుతాడు. యంత్రానికి కూడా ఈ మర్యాద నేర్పితే ఎంత ప్రయోజనమో 1975లో లియొనార్డ్ క్లైన్‌రాక్, ఫూవాద్ తొబాగీ అనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపారు. వైఫై ఈ మార్గాన్నే అనుసరిస్తుంది.

తీగపై నడిచే ఈథర్‌నెట్‌లో, మాట్లాడుతూనే వినవచ్చు. ఢీ జరిగితే వెంటనే తెలుసుకొని ఆగిపోవచ్చు. తీగ లేనిచోట ఇది కష్టం. వైఫై యంత్రం తాను పంపే శక్తితో పోల్చితే, దూరం నుండి దానికి చేరే తరంగం శక్తి వెయ్యికోట్ల వంతు మాత్రమే కావచ్చు. డప్పు వాయిస్తున్నవానికి వీధి చివర గుసగుస వినిపించనట్లే, ప్రసారం చేస్తున్న యంత్రానికి ఇతరుల ప్రసారం వినిపించదు. కాబట్టి సంఘాతం జరిగిన తరువాత గుర్తించటం కన్న, జరగకుండా ముందే జాగ్రత్తపడటం అవసరం.

ఆ జాగ్రత్త ఇట్లా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలోని ఒక సాధారణ వైఫై యంత్రాన్ని తీసుకొందాము. అది మొదట వింటుంది. బాట 34 మైక్రో సెకండ్లపాటు నిశ్శబ్దంగా ఉండాలి. మైక్రో సెకండు అనగా సెకండులో పదిలక్షవ వంతు. ఆ తరువాత అది 0 నుండి 15 వరకు గల అంకెలలో ఒకదానిని యాదృచ్ఛికంగా ఎన్నుకొంటుంది. 9 మైక్రో సెకండ్లకు ఒకటి చొప్పున ఆ అంకెను తగ్గించుకొంటూ వస్తుంది. మధ్యలో ఎవరైనా మాట్లాడితే లెక్క ఆపి, వారు ముగించిన తరువాత మిగిలినచోటు నుండి మళ్ళీ కొనసాగిస్తుంది. అంకె సున్నకు దిగినప్పుడు ప్రసారం మొదలుపెడుతుంది. రౌటరు నుండి "అందినది" అన్న జవాబు రాకపోతే సంఘాతం జరిగినదని భావించి, ఈసారి 0 నుండి 31 వరకు గల అంకెలలో ఒకటి తీస్తుంది. మళ్ళీ ఓడితే 63 వరకు. ఇట్లా రెట్టిస్తూ 1023 వరకు పోవచ్చు. గెలిచిన వెంటనే తిరిగి 15కు వస్తుంది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఈ పద్ధతిలోని గుణదోషాలను ఏ పరికరమూ లేకుండా తరగతి గదిలోనే చూడవచ్చు. అయిదుగురు విద్యార్థులకు తలా 16 చీట్లు ఇవ్వాలి, వాటిపై 0 నుండి 15 వరకు అంకెలు వ్రాయాలి. ఒక్కొక్కరు తమ చీట్ల నుండి చూడకుండా ఒకటి తీస్తారు. ఉపాధ్యాయుడు సున్న, ఒకటి, రెండు అని లెక్కిస్తాడు. తన అంకె రాగానే విద్యార్థి చేయి ఎత్తాలి. మొదట ఎత్తినది ఒక్క చేయి అయితే అది విజయం. రెండు గాని అంతకన్న ఎక్కువ గాని ఒకేసారి లేస్తే సంఘాతం.

ఈ ఆటను 100 సార్లు ఆడితే సుమారు 85 సార్లు విజయం లభిస్తుందని సంభావ్యతా గణితం చెపుతుంది. ఇప్పుడు అయిదుగురికి బదులు ఇరవైమందిని నిలబెట్టి అవే 16 చీట్లతో ఆడించండి. విజయాలు సుమారు 50కి పడిపోతవి. చీట్లను 32 చేస్తే 72కు పెరుగుతవి. 64 చేస్తే మళ్ళీ 85 వస్తవి. నాలుగు రెట్లు గుంపుకు నాలుగు రెట్లు చీట్లు కావలసివచ్చినవి.

అయితే ఎప్పుడూ 64 చీట్లే ఇస్తే సరిపోదా? సరిపోదు. అయిదుగురే ఉన్నప్పుడు 16 చీట్లతో మొదటి చేయి సగటున రెండు లెక్కల తరువాత లేస్తుంది. 64 చీట్లతో అయితే పది లెక్కలు ఊరక పోతవి. చీట్లు తక్కువైతే సంఘాతం, ఎక్కువైతే వృథా నిరీక్షణ. గుంపు ఎంత ఉన్నదో అంతకు తగిన చీట్లు ఉండాలి. కాని ఏ యంత్రానికీ గుంపు ఎంత ఉన్నదో తెలియదు. అది తన ఓటమిని బట్టి ఊహిస్తుంది. గెలవగానే ఆ ఊహను మరచి మళ్ళీ 16 చీట్లతో వస్తుంది. సమస్యకు మూలం ఇదే.

దీనివల్ల అన్యాయం కూడా జరుగుతుంది. ఓడినవాడు ఎక్కువసేపు ఆగుతాడు, గెలిచినవాడు తక్కువసేపు ఆగి మళ్ళీ వస్తాడు. కొంతసేపు గెలిచినవాడే గెలుస్తూ ఉంటాడు. 1994లో వడువూర్ భార్గవన్, ఆయన సహచరులు దీనికి ఒక విరుగుడు సూచించారు. ఓడినప్పుడు చీట్ల సంఖ్యను ఒకటిన్నర రెట్లు పెంచాలి, గెలిచినప్పుడు ఒక్కటొక్కటిగా మాత్రమే తగ్గించాలి. పైగా ప్రతి సందేశంతోపాటు తన చీట్ల సంఖ్యను తెలిపితే విన్నవారందరూ అదే సంఖ్యను పాటించవచ్చునన్నారు. అనుభవాన్ని మరచిపోరాదు, ఒకరి అనుభవం అందరికీ ఉపయోగపడాలి అన్నది ఇందులోని సారం.

మరి మూడు చిక్కులు

మొదటిది అదృశ్య ప్రసారకుల చిక్కు. ఒక పొడవైన కార్యాలయ అంతస్తులో రౌటరు నడిమధ్య ఉన్నది. తూర్పు చివర ఒక ల్యాప్‌టాప్, పడమటి చివర మరొకటి. మధ్యలో లిఫ్టుల కాంక్రీటు గోడలు. రెండూ రౌటరుకు వినిపిస్తవి, కాని ఒకదానికొకటి వినిపించవు. రెండూ మర్యాదగా విని, నిశ్శబ్దమే అనుకొని, ఒకేసారి మొదలుపెడతవి. రౌటరు వద్ద రెండూ చెడిపోతవి. ముందుగా "పంపవచ్చునా" అని చిన్న సందేశం పంపి, రౌటరు "పంపవచ్చును" అన్న తరువాతనే పెద్ద సందేశం పంపటం దీనికి మందు. రౌటరు జవాబు రెండు వైపులా వినిపిస్తుంది కాబట్టి రెండవ యంత్రం ఊరకుంటుంది. కాని ప్రతిసారీ అడగటానికీ కాలం ఖర్చవుతుంది.

రెండవది చిన్న మాటల చిక్కు. సెకండుకు 540 లక్షల బిట్ల వేగంతో 100 బైట్ల సందేశం పంపటానికి సుమారు 15 మైక్రో సెకండ్లు చాలు. కాని ముందు నిరీక్షణ, చీటీ లెక్కింపు, సందేశానికి ముందు వచ్చే గుర్తింపు భాగం, చివర జవాబు కలిసి సుమారు 165 మైక్రో సెకండ్లు తీసుకొంటవి. ఒక్క మాట చెప్పటానికి పదకొండు మాటల కాలం వరుసలో నిలబడటం వంటిది ఇది. సందేశాలను మూటకట్టి ఒకే వంతులో పంపే పద్ధతి 2009లో వచ్చిన 802.11 సవరణలో చేరింది. పెద్ద చిత్రాలు పంపేవారికి అది మేలుచేసింది. ఎప్పుడో ఒకసారి రెండు అంకెలు పంపే చిన్న యంత్రానికి మూటకట్టటానికి ఏమున్నది?

మూడవది నిదానంగా మాట్లాడేవాని చిక్కు. రౌటరుకు దూరంగా ఉన్న యంత్రం తప్పులు లేకుండా వినిపించటానికి వేగం తగ్గించుకొంటుంది. 1500 బైట్లు పంపటానికి దగ్గరి యంత్రానికి 222 మైక్రో సెకండ్లు పడితే, సెకండుకు 60 లక్షల బిట్ల వేగంతో పంపే దూరపు యంత్రానికి 2000 పడుతవి. వంతులు సమానమే, కాని ఒకరి వంతు మరొకరి వంతుకు తొమ్మిది రెట్లు. గదిలో ఒక్క నిదానపు యంత్రం చేరితే అందరి వేగమూ దానితోపాటు పడిపోతుంది.

విననివారు వచ్చినప్పుడు

వైఫై యంత్రాలన్నీ ఒకే మర్యాద పాటిస్తవి. కాని తెరచిన బాటపై ఇతరులకూ హక్కు ఉన్నది. మైక్రోవేవ్ పొయ్యి ఎవరినీ వినదు. మన కరెంటు సెకండుకు 50 ఆవర్తనాలు గలది కనుక, సాధారణమైన పొయ్యి ప్రతి ఆవర్తనంలో సగకాలం, అనగా సుమారు 10 మిల్లీ సెకండ్లు రొదచేసి, సగకాలం ఊరకుంటుంది. ఫలహారశాల పక్కన కూర్చున్నవారి ల్యాప్‌టాప్ ఆ సందులలోనే పని జరుపుకొనాలి. బ్లూటూత్ మరొక ఉపాయం పన్నింది. అది సెకండుకు 1600 సార్లు పౌనఃపున్యం మార్చుకొంటూ, రద్దీగా ఉన్న చోట్లను గుర్తించి తప్పుకొంటుంది.

అసలు వివాదం ఫోను కంపెనీల వల్ల వచ్చింది. తాము కొన్న పట్టీలు చాలక, 5 గిగాహెర్ట్జ్ తెరచిన బాటలో కూడా తమ ఎల్‌టీఈ ప్రసారాలు నడపాలని అవి 2014 ప్రాంతంలో ప్రతిపాదించినవి. ఎల్‌టీఈ యంత్రం పుట్టుకతోనే సొంత బాటపై నడవటానికి అలవాటుపడినది. ఇతరులను విని ఆగటం దానికి తెలియదు. ఎల్‌టీఈ-యూ అనే మొదటి పద్ధతిలో అది కొంతసేపు మాట్లాడి, కొంతసేపు ఊరకుంటుంది. ఊరకుండే కాలాన్ని చుట్టూ ఉన్న వైఫై రద్దీని బట్టి సరిచేసుకొంటుంది గాని, ప్రతి మాటకు ముందు వినదు. ఎల్‌ఏఏ అనే రెండవ పద్ధతి 2016లో ప్రమాణమైంది. అందులో మాట్లాడే ముందు వినటం తప్పనిసరి.

ఈ సహజీవనం హైదరాబాదు పరిశోధకులను ఆకర్షించింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో ఆచార్యులు భీమార్జునరెడ్డి తమ్మ, ఆంటొనీ ఫ్రాంక్లిన్, వారి సహచరులు ఎల్‌టీఈ-యూ, వైఫై ఒకేచోట ఉన్నప్పుడు అదృశ్య ప్రసారకుల చిక్కు ఎంత తీవ్రమవుతుందో పరిశీలించి 2018లో వ్యాసం ప్రచురించారు. వైఫై రౌటరుకు ఎల్‌టీఈ-యూ ప్రసారం వినిపించదు, కాని ఆ రౌటరు నుండి వార్త అందుకొనవలసిన ఫోను ఆ ప్రసారం పక్కనే ఉన్నదనుకొందాము. రౌటరు నిశ్శబ్దమనుకొని పంపిన వార్త ఫోను వద్ద రొదలో కలిసిపోతుంది. "అందినది" అన్న జవాబు రాదు. రౌటరు తన మర్యాద ప్రకారం చీట్లు రెట్టించుకొని ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. విననివాడు చేసిన తప్పుకు విన్నవాడు శిక్ష అనుభవిస్తాడు. స్వచ్ఛందమైన క్రమంలో ఉన్న బలహీనత ఇది: ఒక్కరు నియమం తప్పితే, తప్పినవాడు లాభపడతాడు.

గుంపును ఎరిగినవాడు వంతు పంచితే

గుంపు ఎంతో ఏ యంత్రానికీ తెలియకపోవటమే మూలసమస్య అనుకొన్నాము. అందరి మాటా వినేది రౌటరు. కాబట్టి వంతులు పంచే పని కొంత రౌటరుకే అప్పగించటం నేటి మార్గం. 2021లో ఆమోదం పొందిన ప్రమాణంలో, అనగా వైఫై 6గా ప్రసిద్ధమైన దానిలో, ఇది ముఖ్యాంశం.

దీనిలో 20 మెగాహెర్ట్జ్ చానెలును తొమ్మిది సన్నని బాటలుగా చీల్చవచ్చు. రౌటరు ఒక పిలుపు పంపి, ఏ యంత్రం ఏ బాటలో మాట్లాడాలో చెపుతుంది. తొమ్మిది చిన్న యంత్రాలు ఒకేసారి, ఒకదానికొకటి అడ్డురాకుండా మాట్లాడి ముగిస్తవి. ఒక్కొక్కటి విడివిడిగా 165 మైక్రో సెకండ్లు వృథాచేసే బదులు, ఒకే నిరీక్షణ తొమ్మిదింటికీ సరిపోతుంది.

కాని ఎవరికి చెప్పవలసినది ఉన్నదో రౌటరుకు ఎట్లా తెలుస్తుంది? నిద్రలేచిన కొత్త యంత్రాన్ని అది ఎట్లా ఎరుగుతుంది? అందుకు కొన్ని బాటలను ఎవరైనా రావచ్చునని విడిచిపెడుతుంది. మాట్లాడదలచిన యంత్రం వాటిలో ఒకదానిని యాదృచ్ఛికంగా ఎన్నుకొంటుంది. తొమ్మిది బాటలకు తొమ్మిది యంత్రాలు వచ్చిపడితే సగటున మూడున్నర బాటలే విజయవంతమవుతవి. ఇది అలోహా గళ్ళ లెక్కే, యాభై ఏళ్ళ తరువాత మళ్ళీ తలుపు తట్టినది. తేడా ఒక్కటే. ఇక్కడ యాదృచ్ఛిక ప్రవేశాన్ని "నాకు ఇంత చెప్పవలసినది ఉన్నది" అన్న చిన్న విన్నపానికి వాడుకోవచ్చు. పెద్ద మాట తరువాత తన కేటాయించిన బాటలో నిశ్చింతగా సాగుతుంది. ఎన్ని బాటలు విడిచిపెట్టాలి, చీట్ల సంఖ్య ఎంత ఉండాలి అన్నవి రౌటరే ప్రకటిస్తుంది. గుంపును బట్టి వీటిని ఎట్లా మార్చాలన్నది నేడు పలుచోట్ల పరిశోధనాంశం.

మరొక సవరణకు రంగువేయటం అని పేరు. పక్క కార్యాలయపు రౌటరు మాట సన్నగా వినిపించినా, పాత యంత్రం మర్యాదగా ఆగేది. ఆ సన్నని మాట తన మాటను చెడగొట్టేటంత బలమైనది కాకపోవచ్చు. వైఫై 6 రౌటర్లు తమ సందేశాలకు 1 నుండి 63 వరకు ఒక సంఖ్యను రంగువలె తగిలిస్తవి. పరాయి రంగు మాట బలహీనంగా ఉంటే, యంత్రం తన శక్తిని తగ్గించుకొని మాట్లాడవచ్చు. అనవసరమైన మర్యాదను మానటం కూడా కిక్కిరిసిన చోట అవసరమే.

బాటను వెడల్పుచేయటం మూడవ మార్గం. 5925 నుండి 6425 వరకు గల 500 మెగాహెర్ట్జ్‌ను కూడా లైసెన్సు నుండి విముక్తం చేయటానికి కేంద్ర ప్రభుత్వం 2025 మేలో ముసాయిదా నియమాలు వెలువరించింది. అయితే రోడ్డు వెడల్పుచేసినంత మాత్రాన రద్దీ శాశ్వతంగా తీరదని గచ్చిబౌలి దారిలో పోయేవారికి వేరే చెప్పనక్కరలేదు.

చిన్న యంత్రాల మొర

ఈ సమస్యలో నష్టపోయేది బొమ్మలు చూసే ఫోను మాత్రమే కాదు. నీటి మీటరు, వీధిదీపం, గాలి కాలుష్యాన్ని కొలిచే పెట్టె వంటివి ఇప్పుడు రేడియో ద్వారా తమ కొలతలు పంపుతున్నవి. ఇవి మాట్లాడేది కొద్ది. బ్యాటరీపై ఏండ్ల తరబడి బ్రతకవలసినవి. ఒక్కొక్క సంఘాతమంటే ఒక్కొక్క పునఃప్రసారం; బ్యాటరీ ఆయువులో అంత తరుగు. గుంపులో వాటి మాట వినబడకపోతే ఎవరూ ఫిర్యాదు చేయరు. కొలత రాలేదని ఎప్పటికో తెలుస్తుంది.

ఇట్టివాటికి మన దేశంలో 865 నుండి 867 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లో తెరచారు; 2021లో 868 వరకు పొడిగించారు. ఈ తరంగాలు పొడవైనవి కనుక గోడలను మరింత సులభంగా దాటి దూరం పోతవి. ఇక్కడ లోరా అనే పద్ధతిలో యంత్రం సాధారణంగా వినకుండానే అలోహా వలె మాట్లాడి నిద్రపోతుంది. యంత్రాలు కొద్దిగా ఉన్నంతకాలం అదే చవక, అదే పొదుపు. పెరిగితే 18 శాతపు గోడ ఎదురవుతుంది. వైసన్ అనే మరొక పద్ధతిలో యంత్రాలు విని మాట్లాడుతవి, చానెళ్ళు మార్చుకొంటవి, ఒకదాని వార్తను మరొకటి అందుకొని ముందుకు పంపుతవి. దూరపు యంత్రం గట్టిగా అరవనక్కరలేదు. పక్కింటివానితో చెప్పితే చాలు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాదు 1998లోనే, సైబర్ టవర్స్ తెరచిన ఏడాదిలోనే నెలకొన్నది. ఆ విద్యాసంస్థ తన ప్రాంగణమంతటా వైసన్ జాలకాన్ని సిలికాన్ ల్యాబ్స్ సంస్థతో కలిసి 2023లో ఏర్పాటుచేసింది. 2001లో స్థాపితమై హైదరాబాదులో తక్కువ శక్తితో నడిచే వైఫై చిప్పులను రూపొందించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ వైర్‌లెస్ విభాగాన్ని ఆ సంస్థ 2020లో కొనుగోలు చేసింది. ఈ విధంగా రద్దీని అనుభవించే నగరమే దానికి మందు వెతికే చోటు కూడా అయింది.

యాదృచ్ఛిక ప్రవేశం చరిత్రను వెనుదిరిగి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. మొదట యంత్రాలు తోచినప్పుడు మాట్లాడినవి. తరువాత వినటం నేర్చినవి. ఆపైన ఓడినప్పుడు ఆగటం నేర్చినవి. ఇప్పుడు గుంపును ఎరిగిన ఒకనికి వంతులు పంచే పని కొంత అప్పగించి, చేయి ఎత్తటానికి మాత్రం అందరికీ స్వేచ్ఛ మిగుల్చుకొంటున్నవి. ఆ స్వేచ్ఛ పూర్తిగా పోతే తెరచిన బాటకు అర్థం లేదు. పూర్తిగా విడిచిపెడితే ఎవరి మాటా చేరదు. ఈ రెండింటి మధ్య సరియైన పాలు ఎంత అన్నది గణితమూ అనుభవమూ కలిసి తేల్చవలసిన ప్రశ్న. పదహారు చీట్లతో, ఇరవైమంది విద్యార్థులతో ఆ ప్రశ్నను ఏ ఉన్నత పాఠశాలలోనైనా రేపే మొదలుపెట్టవచ్చు.